పుష్పకరండకమునందలి అజ్ఞాత స్త్రీ
(మృచ్ఛకటిక, కన్యాశుల్కములలో తప్పిపోయినవారి విచారణ)

మృచ్ఛకటికమును చదివినవారు చారుదత్తుని దారిద్ర్యమును, వసంతసేన ఔదార్యమును, శకారుని మౌర్ఖ్యమును మఱవరు. కన్యాశుల్కమును చదివినవారు గిరీశమును, మధురవాణిని మఱవరు. విమర్శకులును తఱచుగా ఈ పాత్రల చుట్టునే తిరిగిరి. అది సహజమే. కాని ఈ రెండు నాటకములకును సమానమైన కథాసూత్రమొకటి కలదు. రెండింటను ఒక యువతి కనబడకుండ పోవును. రెండింటను ఆమె హత్యకు గుఱియైనదని ప్రవాదము పుట్టును. రెండింటను అధికారులు విచారణకు పూనుకొందురు. రెండింటను ఆ విచారణ దారితప్పును. దారి తప్పించినది కేవలము తెలివితక్కువతనము కాదు, ధనము, హోదా. ఈ విషయమును నాటకముల ఆధారముతో నిరూపించి, నేటి మన నగరములలోను గ్రామములలోను తప్పిపోయినవారి జాడ తీయు పద్ధతిని ఆ వెలుగున పరిశీలించుట ఈ వ్యాసమునకు ఉద్దేశము.

శూద్రకుని ప్రకరణమునకును, విజయనగరమున 1892లో మొదట ప్రదర్శింపబడి 1897లో అచ్చై 1909లో సమగ్రముగా పునారచితమైన గురజాడ అప్పారావుగారి నాటకమునకును నడుమ అనేక శతాబ్దుల దూరమున్నది. ఒకటి ఉజ్జయినీ రాజధర్మాసనము; ఇంకొకటి ఆంగ్లేయుల కాలపు పోలీసు, కచ్చేరి. కాలము మాఱినను మాఱనిదేది అన్న ప్రశ్నకు ఈ దూరమే మంచి పరీక్ష.

1. మొఱ ఎవరిది?

మృచ్ఛకటికము నవమాంకమున న్యాయసభ తీరును కవి కన్నులకు కట్టించెను. అధికరణికుడు, శ్రేష్ఠి, కాయస్థుడు కూర్చుందురు. వ్యవహారముల సత్యమును తెలిసికొనుట ఎంత కష్టమో అధికరణికుడు మొదటనే విచారపడును. అతడు దుర్మార్గుడు కాడు, చదువుకొన్నవాడు, మనసున్నవాడు. ఈ విషయమును గుర్తుంచుకొనవలెను. దుష్టుడైన న్యాయాధికారి చేతిలో అన్యాయము జరుగుట వింత కాదు. మంచివాని చేతిలో అది ఎట్లు జరిగెనో చూపుటయే శూద్రకుని ప్రతిభ.

ఆనాడు మొదట మొఱ పెట్టుకొనుటకు వచ్చినవాడు శకారుడు. పాలకరాజునకు బావమఱది. వసంతసేన కంఠము నులిమి, చనిపోయినదని తలంచి, ఎండుటాకులు కప్పి వచ్చినవాడును అతడే. ఈ దినమున నీ వ్యవహారము చూడబడదని అధికరణికుడు చెప్పి పంపును. శకారుడు మండిపడును. రాజుతో చెప్పెదను, అక్కతో చెప్పెదను, నిన్ను తొలగించి వేఱొకనిని ఆ పీఠమున కూర్చుండబెట్టించెదను అని బెదరించును. అంతట అతనిని మరల పిలిపింతురు, మొఱ వినబడును.

మన కాలపు మాటలో చెప్పవలెనన్న ఇది ప్రథమ సమాచారము. దానిని ఇచ్చినవాడే హంతకుడు కాదలచినవాడు. వసంతసేన తల్లి గొప్ప ధనవంతురాలు. అయినను గణిక, తాను మొఱ పెట్టుటకు వచ్చినది కాదు, సభవారు పిలిపించగా వచ్చినది. కూతురు ఎక్కడికి పోయినదని అడుగగా మిత్రుని ఇంటికని చెప్పి, ఆ మిత్రుని పేరు చెప్పుటకు జంకును. చారుదత్తుని పేరు ఆమె నోట వెడలగనే శకారుని కథకు బలము చేకూరును. ధనము ఒక్కటియే చాలదనియు, ధనమునకు వెనుక రాజసంబంధము నిలిచినపుడే మొఱకు తలుపులు తెఱచుకొనుననియు ఈ ఘట్టము చెప్పుచున్నది.

2. అనుమానము, సాక్ష్యము

చారుదత్తుడు సభకు వచ్చినపుడు అధికరణికుడు ఆసనమిప్పించును. ఇట్టి ముఖము గలవాడు ఇట్టి పని చేయునా యని సంశయించును. అది పూర్వపు హోదాకు దక్కిన గౌరవము. కాని ఆ గౌరవము ఎంతసేపు నిలిచెను? మైత్రేయుని చంకనుండి వసంతసేన నగలు జాఱిపడువఱకే. చారుదత్తుడు ధనవంతుడుగానే ఉండినయెడల ఆ నగలను చూచి ఎవరును ఆశ్చర్యపడియుండరు. దరిద్రుని ఇంట నగ కనబడిన అది నేరమునకు సాక్ష్యము. వస్తువు ఒకటియే, అది ఎవరి ఇంట ఉన్నదన్నదానినిబట్టి దాని అర్థము మాఱుచున్నది.

సాక్షి విషయము మఱియు దారుణము. శకారుడు చేసిన పనిని ఎఱిగినవాడు స్థావరకుడు, అతని బండి తోలు దాసుడు. యజమాని వానిని మేడపై బంధించును. చారుదత్తుని వధ్యస్థానమునకు కొనిపోవుచుండగా వాడు సంకెలతోనే క్రిందికి దుమికి నిజము చెప్పును. ఎవరును నమ్మరు. వీడు నా బంగారము దొంగిలించినందున కొట్టితిని, ఆ కక్షతో చెప్పుచున్నాడు అన్న శకారుని ఒక్క మాట చాలినది. దాసుడు ప్రాణములకు తెగించి చెప్పిన సత్యము, యజమాని తడుముకొనకుండ చెప్పిన అబద్ధము – తూకము ఎటు మొగ్గెనో చూచితిమి.

అభిజ్ఞాన శాకుంతలము షష్ఠాంకారంభమున కాళిదాసు ఇదే సత్యమును హాస్యముగా చూపెను. ఉంగరముతో పట్టుబడిన జాలరిని రక్షకభటులు కులమెత్తి ఎగతాళి చేయుదురు, వాని ప్రాణము తీయుటకు చేతులు దురదపెట్టుచున్నవందురు. రాజు పారితోషికమిచ్చి విడిచిన మఱుక్షణమున ఆ జాలరియే స్నేహితుడగును. అందఱును కలిసి కల్లుదుకాణమునకు పోవుదురు. జాలరి మాఱలేదు, వాడు చెప్పిన మాటయు మాఱలేదు. వాని చేతిలోనికి సొమ్ము వచ్చినది, అంతే.

ఇట్లు ధనము, హోదా మూడు చోటుల పనిచేయుచున్నవి: ఎవరి మొఱ వినబడును, ఎవరిపై అనుమానము వ్రాలును, ఎవరి సాక్ష్యము నమ్మబడును. అయితే నాల్గవ చోటు ఒకటి కలదు. అది నాటకమున ఎవరును మాటలాడని చోటు. ఈ వ్యాసమునకు అదియే ప్రధానము.

3. ఆ స్త్రీ ఎవరు?

వసంతసేన నిజముగా చంపబడినదా యని తెలిసికొనుటకు అధికరణికుడు వీరకుని పుష్పకరండకోద్యానమునకు పంపును. వీరకుడు నగర రక్షకులలో ఒకడు. సభకు అతడు వచ్చినది తన సొంత కక్ష తీర్చుకొనుటకు. చందనకుడను తోటి రక్షకుడు తనను కాలితో తన్నెనని మొఱ పెట్టుకొనుటకు. అతడు గుఱ్ఱముపై పోయి, చూచి, తిరిగి వచ్చి, క్రూరమృగములు ఈడ్చుచున్న స్త్రీ శరీరమును చూచితినని చెప్పును. స్త్రీయని ఎట్లు తెలిసినదని అడుగగా కేశములను, చేతులను, పాదములను బట్టి యనును. అంతటితో విచారణ ముగిసినది. వసంతసేన చనిపోయినట్లే నిశ్చయమైనది.

కాని వసంతసేన చనిపోలేదు. బౌద్ధభిక్షువు ఆమెను రక్షించెను. మఱి వీరకుడు చూచిన ఆ శరీరము ఎవరిది?

అష్టమాంకమున దీనికి ఆధారము ఒకటి కలదు. దారిలో చెట్టు కూలి ఒక స్త్రీ చనిపోయినదని విటుడు చూచి, దానిని అపశకునముగా భావించును. విటునకు ఆమె ఒక శకునము. వీరకునకు ఆమె ఒక సాక్ష్యము. అధికరణికునకు ఆమె వసంతసేన. ఆమె ఆమెగా ఎవరికిని కానరాలేదు. ఆమె పేరేమి, ఏ ఇంటిది, ఆ సాయంకాలము ఆమె కొఱకు ఎవరు ఎదురుచూచిరి – ఎవరును అడుగలేదు. ధనవంతురాలైన గణిక కనబడకపోయిన దినముననే ఈమెయు కనబడకపోయినది. ఒకరి కొఱకు ధర్మాసనము కదలినది. ఇంకొకరి శరీరము ఆ ధర్మాసనమునకు పనిముట్టైనది.

దశమాంకమున అందఱికిని ఫలము దక్కును. చారుదత్తునకు ప్రాణము, రాజ్యము, వసంతసేనకు కులవధూ పదము, భిక్షువునకు విహారముల ఆధిపత్యము, స్థావరకునకు దాస్యవిముక్తి, చందనకునకు దండపాలకత్వము, చండాలురకు తమ వారిపై ఆధిపత్యము. శకారునకు సైతము క్షమ లభించును. పూర్వపు స్థితిలోనే ఉండనిండని చారుదత్తుడు కోరును. ఇంత నిండైన పంపకమున చెట్టు క్రింద చనిపోయిన స్త్రీకి ఏమియు లేదు. వసంతసేన ప్రాణములతో ఎదుట నిలిచినపుడైనను, అయ్యో, అట్లయిన ఆ శరీరము ఎవరిదని ఒక్కరికైన తోచవలసినది. తోచలేదు.

ఇది కవి మఱపు అని కొందఱు అనవచ్చును. నా అభిప్రాయము వేఱు. చెట్టు కూలిన సంగతిని అష్టమాంకమున విటుని నోట పలికించి, నవమాంకమున వీరకుని కంట పెట్టించిన కవి, దశమాంకమున మఱచెనని చెప్పుట యుక్తము కాదు. సభ మఱచినది, ఆ మఱపును కవి ఉన్నదున్నట్లుగా విడిచెను.

ఆ కాలమున ఇట్టి మరణములను పరీక్షించు పద్ధతి తెలియకపోలేదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున కంటకశోధనాధికరణమునందు ఆశుమృతక పరీక్ష అను ప్రకరణమున్నది. హఠాత్తుగా మరణించినవాని శరీరమునకు తైలము పూసి పరీక్షింపవలెననియు, కంఠము నులిమిన గుర్తులేవి, విషము పెట్టిన గుర్తులేవి యనియు, మృతుడు ఎవరితో ఉండెను, ఎచటనుండి వచ్చెను, ఏమి పనిమీద వచ్చెనని విచారింపవలెననియు అందు విధింపబడినది. ఉజ్జయిని సభ ఈ విధులలో ఒక్కటియు పాటింపలేదు. గుఱ్ఱము దిగకయే చూచిన చూపు చాలినది. శాస్త్రము లేక కాదు. ఆ శాస్త్రమును ప్రయోగింపుమని అడుగువారు ఆమెకు లేక.

4. పేరున్నది, మనిషి లేదు

కన్యాశుల్కమున ఇదంతయు తలక్రిందులగును. కరటకశాస్త్రి తన శిష్యుడు మహేశమునకు ఆడువేషము వేసి, పెండ్లికూతుఱని నమ్మించి లుబ్ధావధాన్లకు ముడిపెట్టును. పని తీఱగనే ఆ పెండ్లికూతురు మాయమగును. వెంటనే ముసలివాడు చిన్నదానిని చంపినాడన్న పుకారు, దాని వెనుక హత్యాభియోగము. మృచ్ఛకటికమున శరీరమున్నది, పేరు లేదు. ఇక్కడ పేరున్నది, అసలు మనిషియే లేదు. పుట్టని బాలిక కొఱకు పోలీసువారు, సాక్షులు, వకీళ్లు, కచ్చేరి కదలుచున్నారు!

ఇంత కదలిక ఏల? లుబ్ధావధాన్లు ధనవంతుడు, పిరికివాడు, లోభి. వానిని పిండిన సొమ్ము రాలును. ఊరిలో అందఱికిని ఇది తెలియును. రామప్పపంతులు వంటి వ్యవహారజ్ఞునకు ఇతరుల ఆపదయే పంట. ఇక్కడ ధనము నిందితుని కాపాడుట లేదు. విచారణను తన వైపునకు ఆకర్షించుచున్నది. తేనె ఉన్నచోట ఈగలు మూగినట్లు సొమ్మున్నచోట విచారణ మూగినది. హెడ్డు కనిష్టీబు, బైరాగి ఒక్కచోట కూర్చుండు సారాదుకాణపు రంగమును శాకుంతలములోని రక్షకుల కల్లుదుకాణముతో పోల్చి చూచిన, గురజాడవారు ఏ సంప్రదాయమునుండి ఈ చూపును పొందిరో తెలియగలదు.

అదే నాటకమున నిజముగా ఇల్లు విడిచిపోయిన చిన్నది ఒకతె కలదు. ఆమె బుచ్చమ్మ, బాలవితంతువు. గిరీశము వెంట ఆమె వెడలిపోగా తండ్రి అగ్నిహోత్రావధాన్లు కచ్చేరికెక్కును. కాని అతని కోపమంతయు పరువు పోయినదనియే గాని, పిల్ల ఏమైనదో యన్న బెంగ కనబడదు. ఆమె భవిష్యత్తును గూర్చి ఆలోచించి, పూనాలోని వితంతుశరణాలయమునకు పంపుటకు పూనుకొన్నవాడు పరాయివాడగు సౌజన్యారావు పంతులు. లేని పిల్ల కొఱకు హత్యాభియోగము, ఉన్న పిల్ల కొఱకు పరువుదావా – ఈ రెండింటిని ప్రక్కప్రక్కన నిలుపుటలో గురజాడవారి వ్యంగ్యము పరాకాష్ఠకు చేరినది.

సత్యము ఎట్లు బయటపడెను? మధురవాణి చెప్పగా. ఆమె సౌజన్యారావు పంతులు ఎదుటికి పురుషవేషమున రావలసివచ్చినది. వేశ్యల మొగము చూడనన్న నియమము గలవాడాయన. తన సొంత రూపమున వచ్చినయెడల ఆమెకు ఆ గుమ్మము దాటు వీలు లేదు. ఆమె దాటనిచో నిరపరాధికి ఉరి తప్పదు. ఉజ్జయినిలోని న్యాయాధికారివలెనే విశాఖపట్టణపు వకీలును మంచివాడే. అయినను నీచస్థితిలోనున్నవారు చెప్పు సత్యము ఆయన చెవి చేరుటకు మాఱువేషము కావలసివచ్చినది.

ఈ రెండు నాటకములును సుఖాంతములు. వసంతసేన తిరిగివచ్చును, మహేశము వేషము విప్పును. అందుచేత విచారణలోని లోపములను చూచి మనము నవ్వగలుగుచున్నాము. తప్పిపోయినవారు తిరిగిరానిచోట ఆ నవ్వు నిలువదు.

5. నాటకము వెలుపల

కావ్యలోకమును విడిచి మన కాలమునకు వత్తము. ఢిల్లీ చెంతనున్న నోయిడా పట్టణమున 2006 నవంబరులో ఒక ప్రసిద్ధ సాఫ్టువేరు సంస్థ భారతదేశ శాఖాధిపతి కుమారుడు, పసివాడు, అపహరింపబడెను. ప్రభుత్వ యంత్రాంగమంతయు కదలినది. దేశమంతట పత్రికలు వ్రాసినవి. కొలదిదినములలో బాలుడు క్షేమముగా ఇల్లు చేరెను. అది సంతోషింపదగినదే. కాని అదే పట్టణమున నిఠారి గ్రామమునుండి కూలిపనివారి పిల్లలు అప్పటికి చాలకాలముగా ఒకరి తరువాత ఒకరు కనబడకపోవుచుండిరి. తల్లిదండ్రుల మొఱలు స్టేషను గుమ్మమువద్దనే ఆగిపోయినవి. 2006 డిసెంబరు 29న ఒక ఇంటి వెనుక మురికికాలువలో ఎముకలు బయటపడినపుడు గాని ఆ పిల్లలు దేశమునకు కానరాలేదు. క్రింది కోర్టులు విధించిన ఉరిశిక్షలను 2023 అక్టోబరులో అలహాబాదు హైకోర్టు రద్దుచేసి, పరిశోధన జరిగిన తీరును తీవ్రముగా నిరసించినది. 2025లో సుప్రీంకోర్టు ఆ నిర్ణయమును నిలిపినది. ఆ పిల్లలను చంపినవారెవరో నిరూపింపబడకయే పోయినది. ఆలస్యము సాక్ష్యమును చెదపురుగువలె తినును. అడుగవలసిన వేళ అడుగని ప్రశ్నకు తరువాత ఎన్ని కోర్టులు కూర్చున్నను సమాధానము దొరకదు.

తెలుగునేలను చూతము. యాదాద్రి భువనగిరి జిల్లా బొమ్మలరామారము మండలము హాజీపూరున 2019 ఏప్రిల్‌లో బడికి పోయిన బాలిక ఇంటికి తిరిగి రాలేదు. ఆమె శరీరము పాడుబడిన బావిలో దొరకినది. పిమ్మట త్రవ్వగా, అంతకు ముందు నెలలో కనబడకపోయిన ఇంకొక యువతి, 2015లో కనబడకపోయిన పదునొకండేండ్ల బాలిక – వీరి అవశేషములును అట్టి బావులనుండియే వెలువడినవి. ముగ్గురును సామాన్య కుటుంబములవారు. గ్రామస్థులు పోలీసుల అలసతను నిరసించి ఆందోళన చేసిరి. నల్గొండ న్యాయస్థానము 2020 ఫిబ్రవరి 6న నిందితునకు మరణశిక్ష విధించినది. శిక్ష సంగతి అటుంచుడు. 2015లో తప్పిపోయిన చిన్నదాని కొఱకు నాడే ఆ బావులు గాలించియుండిన, తక్కిన ఇద్దఱు బ్రతికియుందురు గదా! ఒక బాలికను వెదకకపోవుట ఆ బాలికతో ముగియు నష్టము కాదు.

మన చెన్నపట్టణమును మినహాయింపు కాదు. తిరువాన్మియూరు ప్రాంతమున 1987, 1988 సంవత్సరములలో ఆటో శంకరు ముఠా జరిపిన హత్యలలో కొందఱి శవములు ఇండ్లలోనే పూడ్చబడి నెలల తరబడి బయటపడలేదు. అతడు చెఱసాలలో వ్రాసిన ఆత్మకథయందు ఐ.ఎ.ఎస్., ఐ.పి.ఎస్. అధికారులతో తనకు గల సంబంధములు వర్ణింపబడినవని నక్కీరన్ పత్రిక ప్రకటించినది. దాని ప్రచురణను అడ్డగించు అధికారము ప్రభుత్వమునకు లేదని సుప్రీంకోర్టు 1994లో తీర్పు చెప్పినది. శంకరు 1995లో సేలము కారాగారమున ఉరితీయబడెను. ఆ ఆరోపణలు ఎంతవఱకు నిజమో తేల్చుట ఈ వ్యాసమునకు పని కాదు. రాజశ్యాలుని పదవి నాటకముతో అంతరించినది కాదని గుర్తించిన చాలును.

6. శాసనము, స్టేషను

ఈ లోపమును చట్టము ఎఱుగదని అనరాదు. కనబడకపోయిన పిల్లల విషయమై వచ్చిన ప్రతి మొఱను ప్రథమ సమాచార నివేదికగా నమోదు చేసి, అపహరణముగానో అక్రమ రవాణాగానో తలంచి పరిశోధింపవలెనని సుప్రీంకోర్టు 2013 మే 10న ఆదేశించినది. అదే సంవత్సరము నవంబరు 12న, మైనరు కూతురు అపహరింపబడగా స్టేషనులో మొఱ ఆలకించువారు లేక అలమటించిన ఒక తండ్రి వేసిన వ్యాజ్యమున, ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము, కాగ్నిజబుల్ నేరమును సూచించు సమాచారము వచ్చినపుడు దానిని నమోదు చేయుట పోలీసుల ఇష్టము కాదు, విధి యని తేల్చినది. లలితాకుమారి తీర్పని ప్రసిద్ధికెక్కినది ఇదియే. 2024 జులై 1 నుండి అమలులోనున్న భారతీయ నాగరిక సురక్షా సంహిత, నేరము ఏ స్టేషను పరిధిలో జరిగినను ఏ స్టేషనులోనైనను సమాచారము ఈయవచ్చునని చెప్పుచున్నది. నోటితో చెప్పిన దానిని వ్రాసికొని, చెప్పినవానికి చదివి వినిపించి, ప్రతిని ఉచితముగా ఈయవలెనన్నది పూర్వపు చట్టమునను ఉన్నది, నూతన చట్టమునను ఉన్నది.

అయితే కౌటిల్యుని విధి ఉజ్జయినిలో ఎట్లు నిలిచెనో ఈ విధులును అనేక పర్యాయములు అట్లే నిలుచుచున్నవి. తెలుగు బోధించు ఉపాధ్యాయునిగా నేనెఱిగిన సంగతి నొకటి చెప్పెదను. ఈ నగరమును తరతరములుగా ఊడ్చి శుభ్రపఱచుచున్నవారిలో తెలుగువారు పెక్కురు. వారి పిల్లలే మా బడులలో అధికసంఖ్యాకులు. కొన్నియేండ్ల క్రిందట అట్టి కుటుంబమునకు చెందిన బాలుడొకడు కనబడకపోగా తండ్రి స్టేషనుకు పోయెను. తండ్రి తెలుగున చెప్పెను. అక్కడివారు అరవమున వ్రాసికొనిరి. వ్రాసినదేమో వినకయే ఆయన తెలుగక్షరములతో సంతకము చేసి వచ్చెను. పిల్లవాని ఫొటో కావలెననిరి. ఇంట లేదు. బడిలో తీసిన గుంపు ఫొటోనుండి వాని ముఖమును కత్తిరించి ఇచ్చితిమి. నాల్గవ దినమున వాడు తనంత తానే తిరిగి వచ్చినాడు. వెదకి తెచ్చినవారు లేరు. ధనవంతుల బిడ్డకు నూఱు ఫొటోలుండును, వకీలుండును, పత్రికలో ప్రకటనయుండును. హైకోర్టులో హేబియస్ కార్పస్ వ్యాజ్యము వేయు శక్తియుండును. పేదవాని మొఱ మొదటి మెట్టుననే, భాష దగ్గఱనే, జాఱిపోవుచున్నది.

శూద్రకుని నాటకమున చందనకుడు దాక్షిణాత్యుడు. ప్రయాణపు బండిలోని ఆర్యకుని చూచి మాట తడబడి, పురుషుని చెప్పబోయి స్త్రీని చెప్పి, మేము దక్షిణాదివారము, మా పలుకు స్పష్టముగా ఉండదని సర్దుకొనును. వీరకునకు ఆ తడబాటే అనుమానమునకు మూలమైనది. అధికారి భాష రానివాని మాట అనుమానాస్పదమగుట నేటి వింత కాదని ఇందువలన తెలియుచున్నది.

7. ఆక్షేపములు

నా వాదమునకు రెండు ఆక్షేపములు రాగలవు. ధనవంతుల బిడ్డను ఎత్తుకొనిపోయినవాడు సొమ్ము కోరి కబురు పంపును; ఆ కబురే ఆధారమగును. పేదబిడ్డ విషయమున అట్టి ఆధారము దొరకదు. కాన ఫలితములలోని భేదము పక్షపాతము కాదని మొదటి ఆక్షేపము. ఇందు కొంత నిజము లేకపోలేదు. కాని ఆధారము తక్కువైనచోట ప్రయత్నము అధికముగా ఉండవలెను గదా! ఆధారము లేదన్న కారణమున ప్రయత్నమును మానినపుడే అది పక్షపాతమగుచున్నది.

తప్పిపోయినవారిలో పలువురు తమంత తామే వెడలిపోయినవారే. పరువు కొఱకు తల్లిదండ్రులే దాచుదురు. ప్రతిదానికిని పోలీసులు పరుగెత్తిన పని సాగదని రెండవ ఆక్షేపము. ఇదియు నిజమే. బుచ్చమ్మ నిజముగా ఒకని వెంటనే పోయినది. ఎవరితోనో లేచిపోయియుండునన్న మాట స్టేషనులలో నిత్యము వినబడుట ఇందువలననే. కాని ఈ మాట ఎవరి కూతురు విషయమున ముందుగా నోటికి వచ్చుచున్నదో, ఎవరి కూతురు విషయమున పలుకుటకు జంకుదురో గమనింపవలెను. అధికారి కుమార్తె విషయమున అది చివరి ఊహ. కూలివాని కుమార్తె విషయమున అది మొదటి ఊహ. ఊహ తప్పుకాదు, ఊహ వెదకుటకు బదులుగా నిలుచుట తప్పు.

8. ఉపసంహారము

ఇంతవఱకు చెప్పినదాని సారమిది. తప్పిపోయినవారి విచారణ వారి ఆపదనుబట్టి గాక వారి చుట్టునున్న ధనమును, హోదాను బట్టి కదలుట మన సాహిత్యము ఏనాడో గుర్తించిన సత్యము. శూద్రకుడు పేరులేని శరీరముతోను, గురజాడవారు శరీరములేని పేరుతోను దానినే నిరూపించిరి.

దీనికి చేయదగిన పనులు గొప్పవి కానక్కఱలేదు. చెప్పినవాని భాషలో వ్రాసినదానిని చదివి వినిపించుట చట్టము చెప్పిన పనియే. చెన్నపట్టణమున తెలుగు సంఘములున్నవి. చదువుకొన్నవారు, పదవీ విరమణ చేసినవారు పెక్కుమంది కలరు. పేటకొక్కరు, పిలిచిన వెంటనే స్టేషనుకు తోడుపోయి, మొఱను చదివి వినిపించి, నివేదిక ప్రతిని చేతికి ఇప్పించి రాగలిగిన ఎన్ని తలుపులు తెఱచుకొనునో! సంచికలు ప్రకటించుట, సభలు జరుపుటవలెనే ఇదియు భాషాసేవయే. తప్పిపోయినవారి పట్టికను, గుర్తుతెలియని శవముల పట్టికను ప్రతి స్టేషనును పొరుగు స్టేషనులతో సరిచూచుకొనుట రెండవ పని. పుష్పకరండకమున జరుగనిది ఇదియే.

మూడవది ఉపాధ్యాయులమైన మాది. మృచ్ఛకటిక కథను తరగతిలో చెప్పునపుడు, వసంతసేన తిరిగివచ్చినదని పిల్లలు సంతోషించిన పిమ్మట, మఱి చెట్టు క్రింద చనిపోయిన ఆమె ఎవరని వారిని అడుగవలెను. ఆ ప్రశ్న అడుగుట నేర్చిన పిల్లలలో ఒకడు రేపు స్టేషనులో వ్రాతకోలు పట్టుకొని కూర్చుండవచ్చును.